మీ ఆవిడ ఇంకా రాలేదా

సెలూన్ షట్టర్ పైకెత్తగానే మొదట వచ్చేది గేటు తాత. మిల్లు మూతపడి చాలా కాలమైనా, అక్కడ కాపలా కాసిన మనిషి కాబట్టి ఊళ్ళో ఆయనకు ఆ పేరే నిలిచిపోయింది. ఆ వీధిలో సగం కొట్లకు తాళాలే. తెరిచిన కొట్లకు కూడా జనం బేరం కన్నా కబుర్ల కోసమే వస్తారు. తాతదీ రోజూ గీయించుకోవాల్సినంత గడ్డమేమీ కాదు.

"ఏం నాయనా, మీ ఆవిడ ఇంకా రాలేదా? బదిలీ అవలేదా?" అన్నాడు కుర్చీలో కూర్చుంటూ.

"ఇంకా లేదు తాతా. నిన్న కూడా ఫోన్ చేసింది. వచ్చే నెలలో అవుతుందంటోంది," అన్నాడు సెలూన్ నడిపే గువ్వ తండ్రి, నవ్వుతూ నురగ పూస్తూ.

వెనక గదిలో గువ్వకు జడ వేస్తున్న నానమ్మ చెయ్యి ఆగిపోయింది. గువ్వ మాత్రం కదల్లేదు. ఆ పిల్ల తల్లి చనిపోయి ఏడాది కావస్తోంది.

పాత ఊళ్ళో ఎదురైన ప్రతివాళ్ళూ "తల్లి లేని పిల్ల" అని తల నిమిరి నిట్టూర్చేవాళ్ళు. ఆ జాలి భరించలేక పిల్ల గడప దాటడమే మానేసింది. అద్దెలు తక్కువని ఈ ఊరొచ్చినప్పుడు తండ్రి ఒక నిర్ణయానికొచ్చాడు. ఇక్కడ ఎవరికీ చెప్పకూడదు. అడిగితే, ఆవిడ పట్నంలో ఉద్యోగం చేస్తోంది, బదిలీ అయ్యాక వస్తుంది. మంచి ఉపాయమే అనుకున్నాడు పాపం. పని లేని ఊరికి ఊహలకేం కొదవ ఉండదని ఆయనకు తట్టలేదు.

ఆ మధ్యాహ్నం గువ్వ బడి వదలకముందే ఇంటికొచ్చేసింది. గౌను మెడ చిరిగింది, పెదవి వాచింది.

"ఎవరు కొట్టారే?" అంది నానమ్మ కంగారుగా.

"ముందు నేనే కొట్టాను."

"ఎందుకమ్మా?" అన్నాడు తండ్రి.

"మా తరగతి పిల్ల ఒకతి, మీ అమ్మ ఎవరితోనో లేచిపోయిందట కదా అంది. వాళ్ళింట్లో అందరూ అదే అనుకుంటున్నారట. కాదు, చచ్చిపోయింది అని చెప్దామనుకున్నా. నువ్వు చెప్పొద్దన్నావుగా. అందుకే కొట్టాను."

నానమ్మ కొడుకు వైపు తిరిగింది.

"మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. కుండ మూతికైతే మూకుడుంది, ఊరి నోటికి ఉందా? మంచాన పడి లేవలేకపోయినా పిల్ల అన్నం తిన్నదా అని అడిగిన మనిషి నా కోడలు. అలాంటిదాన్ని నలుగురి నోళ్ళలో పడేశావు కదరా."

"దీనికోసమే కదమ్మా చెప్పింది. అందరూ జాలిపడుతుంటే ఇది ఎలా నలిగిపోయిందో నువ్వు చూడలేదా?"

"నాకోసం కాదు," అంది గువ్వ. "తాతతో అమ్మ ఫోన్ చేసిందని చెప్తావు. చెప్పేటప్పుడు నవ్వుతావు. మా దగ్గర మాత్రం అమ్మ మాటే ఎత్తవు."

ఆయనకు కోపం వచ్చింది. ఆ మాట నిజం కాబట్టే వచ్చింది. ఆవిడ ఎలా ఉందని ఎవరో ఒకరు అడగాలి, బాగుందని తను చెప్పాలి. ఇన్నాళ్ళూ ఆయన్ని నిలబెట్టింది ఆ ఒక్క మాటే.

సాయంత్రం సెలూన్లో గేటు తాత, బెంచీ మీద మరో ఇద్దరు ఉండగా తండ్రి కత్తెర పక్కన పెట్టాడు.

"మా ఆవిడ పోయింది తాతా. ఇక్కడికి రాకముందే, జబ్బు చేసి పోయింది. ఇన్నాళ్ళూ మీకు అబద్ధం చెప్పాను."

ఎవరూ అయ్యో అనలేదు. బెంచీ మీద ఒకడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. గేటు తాత మంచివాడే. అందుకే గొంతు తగ్గించి బుద్ధి చెప్పాడు.

"కాపురాలన్నాక ఏవో జరుగుతుంటాయి నాయనా. ఆమె దారిన ఆమె పోతే పోయింది. పరువు కోసం బతికున్న మనిషిని చంపుకుంటామా? తప్పు."

"ఒట్టు తాతా, నిజంగానే..."

"నిన్ననే ఫోన్ చేసిందన్నావుగా?" అన్నాడు బెంచీ మీది మనిషి.

వెనక గదిలోంచి గువ్వ వచ్చి తండ్రి పక్కన నిలబడింది.

"నిజమే తాతా. మా అమ్మ చచ్చిపోయింది. ఆసుపత్రిలో నేను పక్కనే ఉన్నాను. నీళ్ళు కావాలంది. నేను తెచ్చేసరికి ఇంక తాగలేదు. లేస్తుందేమోనని గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. తర్వాత నర్సు వచ్చి నా చేతిలోంచి తీసుకుంది."

ఇప్పుడు అందరూ నమ్మారు. బెంచీ మీదివాళ్ళు తలలు దించుకున్నారు.

గ్లాసు సంగతి తండ్రికి ఆ క్షణం దాకా తెలియదు. ఆ వేళ ఆయన మందుల కోసం కిందికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. పిల్ల ఏం చూసిందో ఒక్కనాడూ అడగలేదు. తన మాట చెల్లని చోట చివరికి ఆ పిల్ల చేతే తల్లి చావుకు సాక్ష్యం చెప్పించాడు. ఆయన నేలమీద, రాలిన జుట్టులోనే కూలబడ్డాడు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడగలేదుగా," అంది గువ్వ. అని, తల్లి పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది.