తట్ట కింది అడుగు

తరిగొప్పుల అవతలి క్వారీ గుంతకు పేరు మంచిది కాదు. పని ఆగిపోయి ఏళ్లయినా, పొద్దుగూకితే లోపల రాయి కొట్టిన చప్పుడు వస్తుందంటారు. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, ఆ గుంతలో దెయ్యం మాత్రం డ్యూటీ బంద్ పెట్టలేదని హోంగార్డు రాంచందర్ నవ్వేవాడట... తనకు అక్కడే కావలి పడేదాకా.

ఆ సాయంత్రం గుంత నీళ్లలో తండా పిల్ల కవిత శవం దొరికింది. దెయ్యమే గుంజుకుందన్నారు అందరూ. తల్లి ద్వాళి ఎస్సై కాళ్ల మీద పడింది.

"దెయ్యం బూట్లేసుకుంటదా సారూ? జర గట్టు మీద చూడుండ్రి."

నిజమే. బురదలో కవిత వట్టికాళ్ల అడుగులు... వెంటే ఎవరివో బూటు అడుగులు. ఊరివైపు మళ్లినవి మాత్రం బూట్లొక్కటే. ఆ తల్లికి మిగిలిన సాక్ష్యం అదే. ఆ అడుగులకు ప్లాస్టర్‌తో అచ్చు పోయాల్సిన క్లూస్ టీం వరంగల్‌లో ఉంది. రాస్తారోకోల వల్ల తెల్లారితే గానీ రాలేమన్నారు.

ఎస్సై ఆ అడుగుల మీద తట్టలు బోర్లించి, చుట్టూ తాడు కట్టించాడు. శవంతో పాటు తల్లినీ జనగామ దవాఖానకు పంపాడు.

"ఎవ్వడు తాడు దాటొద్దు," అని రాంచందర్‌కు చెప్పి వెళ్లిపోయాడు.

చీకటి పడింది. టంగ్... లోపల రాయి మీద దెబ్బ.

రాంచందర్ ఆంజనేయ దండకం అందుకున్నాడు. రెండో ముక్క గుర్తొస్తేగా! అంతలో గాలి, వాన. ఒక తట్ట లేచి దొర్లింది. పట్టుకోవాలని తెలుసు... కాళ్లు మాత్రం పాత షెడ్డులోకి పరుగెత్తాయి. అడుగులు కరిగిపోతే ఆ తల్లికి ముఖమెట్లా చూపించాలని ఏడుపొచ్చింది. అయినా బయటికి రాలేకపోయాడు.

మెరుపు మెరిసింది.

దొర్లిన తట్ట మళ్లీ బోర్లించి ఉంది. తట్టల మధ్య... ఒక ఆడమనిషి. మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులా తట్టలను అదిమి పట్టుకుంది. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"అవ్వా... నువ్వేనా?" గుసగుసగా అడిగాడు.

ఆమె తల తిప్పలేదు. తల్లే వచ్చిందనుకుని, సిగ్గుపడుతూనే ఊపిరి పీల్చుకున్నాడు.

తెల్లారి తట్టలెత్తితే బూటు అడుగులు చెక్కుచెదరలేదు. క్లూస్ టీం అచ్చు పోసింది. టీం పెద్ద జైపాల్ ముఖం మాత్రం చిట్లించాడు.

"తాడు లోపలికి ఎవరొచ్చిన్రు?"

"తల్లి, సార్. రాత్రంత ఆమెనే..."

"ఆమె రాత్రంత దవాఖాన గేటుకాడనే ఉన్నది. ఇప్పుడే మా జీపుల ఎక్కించుకొచ్చినం."

జీపు పక్కన ద్వాళి నిలబడి ఉంది. చీర పొడిగా ఉంది.

జైపాల్ వంగాడు. వానకు కూడా చెరగని కొత్త వట్టికాళ్ల అడుగులు, గుంత నీళ్లలో నుంచి పైకొచ్చాయి. తట్ట కింది కవిత అడుగుతో కొలిచి చూశాడు. మళ్లీ కొలిచాడు. రెండూ ఒకటే. తట్టల దగ్గర ఆగి, తాడు దాటి... బూట్లు పోయిన దిక్కుకే పోయాయి.

ఫొటోగ్రాఫర్ కెమెరా దించాడు.

"సార్... గివి గూడ తియ్యాల్నా?"

ద్వాళి ఆ అడుగుల పక్కన కూలబడి, ఊరివైపు చూసింది.

"తియ్యుండ్రి సారూ. నా బిడ్డ వాణ్ణి ఎతుక్కుంట పోయింది."