కర్రలు లేని కెప్టెన్

"ఆపండి! మళ్లీ తప్పు!" అని అరిచింది సృజన.

లంచ్ బ్రేక్‌లో స్కూల్ హాల్లో కోలాటం ప్రాక్టీస్ జరుగుతోంది. టార్నీట్ అనే ఊళ్లోని ఆ స్కూల్లో శుక్రవారం అసెంబ్లీ. చూడ్డానికి అమ్మానాన్నలు కూడా వస్తారు. ఆరో క్లాసు సృజన డాన్స్ టీమ్ కెప్టెన్. బ్యాడ్జి పెట్టుకున్న రోజు నుంచి ఆ పిల్ల గొంతు కాస్త పెద్దదైంది.

తప్పు చేసింది లిన్. వియత్నాం వాళ్లమ్మాయి. కోలాటమంటే ఎంతో ఇష్టం. కానీ అందరి కర్రలూ మోగాక లిన్ కర్ర మోగుతుంది. ఆటలో జోడీలు మారుతుంటాయి కదా, లిన్ ఎవరి ఎదుటికి వస్తే వాళ్ల కర్ర గాల్లోనే ఆగిపోతుంది.

పైగా సృజనతో కలిపి టీమ్‌లో తొమ్మిది మంది. ఒకరికి జోడీ ఉండదు. ఇన్నాళ్లూ ఆ లోటు టీచర్ మిస్ హార్పర్ తీర్చారు. "అసెంబ్లీలో నేను ఆడను. ఎలా సర్దుతావో నువ్వే చూడు, కెప్టెన్," అన్నారు.

సృజన చిటికెలో సర్దేసింది.

"లిన్, నువ్వు స్పీకర్ దగ్గర కూర్చో. పాట ఆన్ చెయ్యి చాలు."

లిన్ కర్రలు కింద పెట్టి వెళ్లి కూర్చుంది.

ఇక తిరుగులేదనుకుంది సృజన. కానీ ఈసారి అనన్య వెనకబడింది. స్పీకర్‌లో పాట ఎవరి కోసమూ ఆగదు. అనన్యను అందుకోబోయి సుబ్బు వేళ్ల మీద కొట్టుకున్నాడు. "ఫాస్ట్! ఫాస్ట్!" అని సృజన అరిచిన కొద్దీ మిగతావాళ్లూ తడబడ్డారు. బెల్ మోగేసరికి అందరి మూతులూ ముడుచుకుపోయాయి.

బయటికి వెళ్తుంటే లిన్ మెల్లగా అడిగింది.

"శుక్రవారం కూడా నేను స్పీకర్ దగ్గరేనా? మా నాన్న బేకరీకి సెలవు పెట్టి మరీ వస్తున్నారు. ఆయనకి ఇంకా చెప్పలేదు."

సృజన "చూద్దాం," అని జారుకుంది.

ఇంటికి వెళ్లేటప్పుడు కారులో అమ్మకు జరిగిందంతా చెప్పింది.

"మా కాకినాడలో కోలాటం నడిపించే శేషుకుమారి అక్క అసలు కర్రలే పట్టుకునేది కాదే," అంది అమ్మ. "మధ్యలో నిలబడి తాళాలు వాయించేది. ఎవరైనా వెనకబడితే కాస్త నిదానించేది. వాళ్లు అందుకున్నాక మళ్లీ జోరు పెంచేది."

"సో, ఆవిడ డాన్స్ చెయ్యదా?"

"చెయ్యదు."

"దట్స్ నాట్ ఫెయిర్, అమ్మా! షీ ఈజ్ ద లీడర్!"

అమ్మ నవ్వింది. సృజనకు మాత్రం ఒళ్లు మండింది. మూడో క్లాసు నుంచి ఈ స్టేజీ మీద ఆడాలని ఎదురుచూసింది. అమ్మ కొత్త పరికిణీ కూడా కుట్టించింది.

సాయంత్రం పెరుగన్నం కలుపుతుంటే, కూతురు ఆడుతుందని వచ్చిన లిన్ వాళ్ల నాన్న, స్పీకర్ వైపు చూస్తూ కూర్చోవడమే కళ్ల ముందు మెదిలింది.

"అమ్మా, మన భజన తాళాలు రేపు స్కూల్‌కి తీసుకెళ్లనా?"

మర్నాడు ప్రాక్టీస్‌లో సృజన స్పీకర్ ఆపేసింది. తన కర్రలు లిన్ చేతిలో పెట్టింది.

"నా ప్లేస్‌లో నువ్వు ఆడు. నిన్న అలా అన్నందుకు సారీ."

"మరి నువ్వు?" అంది లిన్.

"నువ్వు ఆడకపోతే ఎలా?" అంది అనన్య.

"ఎవరో ఒకరు తాళం వెయ్యాలి కదా," అని సృజన మధ్యలోకి వెళ్లి నిలబడింది.

శుక్రవారం హాలు నిండిపోయింది. లిన్ వాళ్ల నాన్న అందరికంటే ముందొచ్చి మొదటి వరుసలో కూర్చున్నారు. ఎనిమిది మంది చుట్టూ తిరుగుతుంటే మధ్యలో ఉన్న సృజన ఎవరికీ సరిగ్గా కనబడనే లేదు. ఆ పిల్లకు బాధ లేదంటే అబద్ధమే.

ఆట జోరందుకుంది. జోడీ మారబోయి లిన్ తడబడింది.

"ఫాస్ట్!" అన్న మాట సృజన నోటి దాకా వచ్చింది. దాన్ని మింగేసి, తాళం నెమ్మది చేసింది. తాళంతో పాటే టీమంతా నెమ్మదించింది. సృజన లిన్ చేతుల వంకే చూస్తోంది. ఆ చేతులు పైకి లేచేదాకా ఆగి, అప్పుడు తాళం వేసింది.

కర్రలన్నీ ఒక్కసారే మోగాయి.