ఇష్టకంకణం

కాకినాడ పడవల రేవులో మధ్యాహ్నం టిఫిన్ హోటలు కిటకిటలాడుతోంది. ఏ బల్ల చూసినా మణికట్ల మీద పచ్చటి వెలుగులే. ఎదుటి మనిషి మీద మక్కువ పుడితే చాలు, నాడిని బట్టి పసిగట్టి ఇష్టకంకణం వెలుగుతుంది. దాని ముందు నటనలు చెల్లవు. "నన్నెవరు ఇష్టపడతారు" అని కుమిలిపోయే మగవాళ్ళ కోసమే దీన్ని చేశామని కంపెనీవాళ్ళు ఊదరగొట్టారు.

పడవ ఇంజన్లు బాగుచేసే వీరభద్రం సరిగ్గా అలాంటి మగవాడే. ముప్పై ఆరేళ్ళు నిండినా అతని చెయ్యి పట్టుకున్న ఆడమనిషి లేదు. ఆడవాళ్ళకు మగవాడి ఎత్తూ జీతమూ తప్ప ఇంకేమీ కనపడవని అతని నమ్మకం. అతనికే కాదు, అతని స్నేహితుడు త్రినాథ్ నడిపే ఏకాకుల సంఘంలో అందరికీ అదే వేదం.

ఇప్పుడు ఎదురుగా ఝాన్సీ కూర్చుంది. రేవులో పడవ నడుపుతుంది. ఆమె కంకణం పచ్చగా వెలుగుతోంది. వీరభద్రం కంకణమూ వెలుగుతోంది కానీ, దాన్ని చొక్కా చేతి కింద దాచేశాడు. అతను ఆమె మణికట్టు మీంచి చూపు తిప్పడం లేదు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

"పెసరట్టు చల్లారిపోతందండీ, తినండి" అంది ఝాన్సీ.

"నా ఉద్యోగం పోయిందండీ" అన్నాడు. పచ్చి అబద్ధం. త్రినాథ్ నేర్పిన పరీక్ష ఇది.

"అయ్యో! మా పడవలకి మెకానిక్కు కావాలంటన్నారు. అడగమంటారా?"

వెలుగు తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. వీరభద్రానికి ఒళ్ళు మండింది. తగ్గి ఉంటే అర్థమయ్యేది. పెరిగిందంటే ఇదంతా కంపెనీవాళ్ళ నాటకమే!

"నాతో కూర్చోడానికి ఎవరు పంపించారండీ మిమ్మల్ని?"

వేళాకోళమనుకుని ఆమె నవ్వింది.

"నవ్వకండి. మీలాంటోళ్ళు నాలాంటోణ్ణి ఊరికే ఇష్టపడరు. ఇంకోడు దొరికేదాకా నేను, అంతేగా? మీ ఆడోళ్ళందరూ ఒకటే."

కంకణం ఆరిపోయింది.

"నన్నెవరూ పంపలేదండీ. మీతో మాట్లాడాలనిపించి నేనే వచ్చాను" అంది. తినకుండానే లేచి వెళ్ళిపోయింది.

వీరభద్రానికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఇన్నేళ్ళూ తను అనుకున్నదే నిజమైంది! ఆ సంబరంతో త్రినాథ్‌కు ఫోన్ చేశాడు.

"ఆరిపోయిందిరా! నే చెప్పలా?"

శభాష్ అంటాడనుకుంటే త్రినాథ్ ఎదురు ప్రశ్న వేశాడు.

"ఆరిపోయిందంటే... ముందు వెలిగిందా?"

"ఆఁ, వెలిగింది."

"నీకోసమేనా? మన సంఘంలో ఒక్కడికీ వెలగలేదురా ఇంతవరకూ." త్రినాథ్ గొంతులో వెటకారం లేదు, ఆకలి ఉంది. "వెలుగుతున్నప్పుడు ఆ అమ్మాయి మొహం ఎలా ఉందిరా? చెప్పరా, వినాలనుంది."

వీరభద్రం నోరు తెరిచాడు. ఎంత గుర్తు తెచ్చుకున్నా అతనికి మణికట్టే కనిపించింది.

"చూళ్ళేదురా" అన్నాడు. ఏడుపొచ్చింది.