ఆయనకి కనబడని ఎరుపు

ఊళ్ళో అందరూ ఆయన్ని రంగులాయన అనేవారు. ఆయన బొమ్మలో కోపం ఉంటే చూసేవాడి చెవులు వేడెక్కేవి, దిగులుంటే ఇంటికెళ్ళాక కూడా ఆకలి వేసేది కాదు. పత్రికలవాళ్ళు ఆయన్ని ఆకాశానికెత్తేశారు. ఆయనా వద్దనకుండా ఎక్కి కూర్చున్నాడు.

అసలు సంగతి మొగుడూపెళ్ళాలకే తెలుసు. రంగులాయనకి ఎరుపుకీ ఆకుపచ్చకీ పుట్టుకతోనే తేడా తెలియదు. రెండూ ఒకే మట్టిరంగు. గీత ఆయనది, రంగు భార్యది. పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఆవిడే చెప్పేది. "ఈవిడ నవ్వుతోంది గానీ లోపల ఏడుస్తోందండీ. చెంప కింద కాస్త ఆకుపచ్చ పెట్టండి. మూడోది." ట్యూబుల మీది పేర్లు మరకల్లో మాసిపోయి ఏళ్ళయింది. ఆ వరస ఆవిడకే తెలుసు.

జబ్బు ముదిరాక ఆవిడ ఒక్కటే అడిగింది. "ఒక్క బొమ్మ కిందయినా నా పేరు రాయండి." రంగులాయన దుప్పటి సర్దుతూ, "ఇప్పుడు పేర్ల గొడవెందుకులే" అన్నాడు. మర్నాటికి ఆవిడ లేదు.

నాలుగు నెలలు ఆయన కుంచె ముట్టలేదు. ఈలోగా ఒప్పుకున్న ప్రదర్శన నెత్తిమీదకొచ్చింది. ఇక తప్పక, తొమ్మిదేళ్ళ కూతుర్ని మధ్యాహ్నం వెలుతురులో కిటికీ దగ్గర కూర్చోబెట్టి గీత గీశాడు. రంగు దగ్గర చెయ్యి ఆగిపోయింది. గదినిండా టర్పెంటైన్ వాసన. దాని అడుగున... ఆవిడ మందుసీసా వాసన.

"ఏమండీ... మూడోది."

చెవి పక్కనే. వెన్ను జలదరించింది. కానీ పరువు ముందు భయం ఏపాటిది? మూడోది తీశాడు.

"పాప వెనక గోడంతా వెయ్యండి." వేశాడు. "ఇప్పుడు ఏడోది... నేను చెప్పినచోటే."

ఐదు మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. ఆయన కంటికి అదంతా ఒట్టి మట్టిగోడ.

ఆరోరోజు ఫ్రేములు కట్టే అతను కొలతలు తీసుకోడానికి వచ్చాడు. బొమ్మ ముందు కాసేపు నిలబడి, టేపు చుట్టి జేబులో పెట్టేసుకున్నాడు.

"ఏమయిందోయ్?"

"పాప బాగుంది సార్. వెనకున్న అమ్మగారినే... ఆకుపచ్చ గోడ మీద అంత ఎరుపుతో ఎందుకేశారు సార్? ఆ చూపేంటి?"

"వెనకెవరున్నారు? గోడ కదా!"

అతను ఆయన మొహంలోకి ఓసారి చూసి, మెట్లు దిగిపోయాడు.

రంగులాయన కళ్ళు చికిలించాడు. దగ్గరికెళ్ళాడు. దూరం జరిగాడు. మట్టిగోడ. కూతుర్ని పిలిచాడు.

"బొమ్మలో... ఎవరున్నారమ్మా?"

"నేనూ అమ్మా." పిల్ల మామూలుగానే అంది. "అమ్మకి చాలా కోపంగా ఉంది. నువ్వే కదా వేశావు?"

"ఎక్కడుంది?"

"నా వెనక. నిన్న చెయ్యి నా భుజం మీదుంది నాన్నా. ఇవాళ మెడ మీదకొచ్చింది."

పేరు పోతే పోనీ, ప్రదర్శన తగలబడనీ. తనకి మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. కానీ ఎక్కడని చెరపాలి? కనబడితే కదా! తెలుపు మాత్రం ఆయన కన్ను ఎప్పుడూ పొరబడని రంగు. డబ్బా మూత ఊడబెరికి, వెడల్పాటి కుంచెతో పూసేశాడు. గోడ... కూతురి జుట్టు... కళ్ళు... ఎక్కడా ఆపలేదు. "తప్పయింది. నీ పేరే రాస్తాను. పిల్లనొదిలెయ్..." గొణుగుతూనే ఉన్నాడు. అంచులదాకా తెలుపు నిండాక కుంచె దించాడు.

"ఇప్పుడుందా మీ అమ్మ?"

పిల్ల బొమ్మకేసి చూసింది. తరవాత బొమ్మకీ ఆయనకీ మధ్యనున్న ఖాళీకేసి చూసింది.

"లేదు నాన్నా. దిగింది."

అని, ఎవరికో దారి వదులుతున్నట్టు, గోడ వారకి జరిగి నిలబడింది.