బొట్టు పెట్టిన అలారం

చెప్పండి, ఇప్పుడు మీరేం చూశారు? అచ్చియ్యమ్మ ఇంట్లో నీలవేణి స్టూలెక్కి, పొగలు కక్కుతున్న గుడ్డపేలికను ఇంటి కప్పుకి బిగించిన పొగ అలారం కింద పట్టుకుంది. పొగ దాన్ని ముంచేసింది. అలారం కిక్కురుమనలేదు. చూశారా, లేదా?

"మొన్న బటన్ నొక్కితే వీధంతా వినబడేలా కూసింది కదమ్మా!" అంది కింద నిలబడ్డ అచ్చియ్యమ్మ, నమ్మలేక.

"బటన్ చెప్పేది బ్యాటరీ సంగతి, హారన్ సంగతి, అంతే పెద్దమ్మా. పొగ లోపలికి పోతోందో లేదో అది చెప్పదు."

ఆ యంత్రాన్ని కనిపెట్టింది నీలవేణే. లోపల చిన్న గది, అందులో రెండు రంగుల కాంతి. పొగలోని రేణువులు ఏ రంగును ఎంత చెదరగొట్టాయో చూసి, ఇది మిరపకాయ పోపు, ఇది సాంబ్రాణి, ఇది కాలుతున్న వైరు అని తేల్చేస్తుంది. పాత అలారాలు పోపు వేసినప్పుడల్లా గోలపెట్టేవి. జనం విసిగి బ్యాటరీలు పీకి గోడ గడియారాల్లో వేసుకునేవారు.

కాలిపోయిన గుడిసెల చోట ఈ పక్కా ఇళ్ల కోసం ఏళ్ల తరబడి కొట్లాడింది అచ్చియ్యమ్మ. ఇంటింటికీ ఈ అలారం కావాలని మున్సిపల్ కమిషనర్ గేటు ముందు బైఠాయించిందీ ఆమే. "మీకు మెషిన్లిస్తే పాడుచేస్తారు" అన్నాడాయన. "పాడుచేస్తే అన్నీ పీక్కుపోండి!" అంది. అలా వచ్చాయి అలారాలు. ఆ తర్వాత కాలనీలో ఒక్క ఇల్లు కాలితే ఒట్టు. మొన్నటి వేసవిలో వైరు అంటుకుంటే, మంట ఎగసేలోపే పక్కింటి కోటేశు పిల్లల్ని నిద్ర లేపింది ఈ అలారమే.

నీలవేణి మూత ఊడదీసింది. లోపలి గదిలోకి పొగ దూరే సన్నటి కంతలన్నీ గంధం, పసుపు కారి ఎండి పూడిపోయి ఉన్నాయి.

"ఇదేంటి పెద్దమ్మా?"

"ఆయుధ పూజకి పెట్టాను తల్లీ. ఆటోకి పెడతాం, కుట్టుమిషన్‌కి పెడతాం. పిల్లల ప్రాణం నిలబెట్టినదానికి పెట్టమా? చుట్టూ నిండుగా పెట్టాను."

"మీ ఇంట్లోనేనా?"

"అందరూ నా చేత్తోనే పెట్టించుకున్నారు..." అంటూనే ఆమె గుమ్మంలోంచి వీధిలోని ఇళ్ల వరసకేసి చూసింది.

నీలవేణి స్టూలు దిగింది. "మీ వంటింటి పొగలన్నీ దానికి నేర్పాను. మీ పండగ మాత్రం నాకు తట్టలేదు. తడిగుడ్డ పెట్టకండి, పాడవుతుంది. లోపలి గదులు కొత్తవి తెప్పించి గుట్టుగా మార్చేస్తాను. కమిషనర్‌కి తెలియకపోతే చాలు."

"అవి వచ్చేలోగా ఎవరింట్లోనైనా నిప్పు రాజుకుంటే?"

"తెలిస్తే పీక్కుపోతారు పెద్దమ్మా!"

"నా పరువు కోసం పసిపిల్లల్ని మంటల్లో పెట్టమంటావా?"

అచ్చియ్యమ్మ వెళ్లి కాలనీ మైకు పట్టుకుంది. "మన అలారాలకి ముక్కులు మూసింది నేనే. దండం పెట్టే మూశాను. కొత్త సామాను వచ్చేదాకా వీధికి ఇద్దరు కాపలా తిరగండి!" ఎవరూ నవ్వలేదు. మగాళ్లూ ఆడాళ్లూ వంతులు వేసుకున్నారు.

మైకు మాట కమిషనర్ చెవినా పడింది. మర్నాడే ఆయన అలారాలు పీక్కుపోడానికి ఖాళీ వ్యానుతో దిగాడు. "ఏమమ్మా, పాడుచేశారా లేదా?"

"విసిరికొట్టలేదు సార్, పూజ చేశాం. అదే పాడుచేయడమైతే, అవును, చేశాం" అంది అచ్చియ్యమ్మ తలెత్తి. వెనక కాలనీ మొత్తం నిలబడింది. చేతిలో స్క్రూడ్రైవర్‌తో నీలవేణి కూడా.

ఆ కమిషనర్ కుర్చీలో మీరుంటే, ఆ వ్యానులోకి ఏం ఎక్కిస్తారు?