ఓఫునా స్టేషన్ దాకా మెలకువ

"ఈసారి నిద్రపోయావంటే ఇదే నీ ఆఖరి డ్యూటీ," అన్నాడు చీఫ్ ఉసామి.

ఏజెంట్ కుజే తలూపాడు. అతనికి నార్కొలెప్సీ. పగలు నిద్ర ముంచుకు రాకుండా ఒక మాత్ర, నవ్వొచ్చినా కోపమొచ్చినా ఒళ్ళు పట్టు తప్పకుండా ఇంకో మాత్ర. ఆ రెండూ ఉన్నంతవరకే ఉద్యోగం. ఇప్పుడు ఆ జబ్బుకే కొత్త మందు తయారైంది. దాంతో సైనికుల్ని నిద్ర లేకుండా నడిపించాలని ఒక విదేశీ ముఠా కన్నేసింది. ఉన్న ఒక్క శాంపిల్‌ని టీ ఫ్లాస్కులో దాచి యొకొహామా చేర్చాలి. చీఫ్ అతనికి ఒక వాచీ ఇచ్చాడు. పట్టీ లాగితే సంకెళ్ళవుతుంది. తోడుగా ఏజెంట్ రిత్సుకోని పంపాడు. ఆమె అందం ఆఫీసులో అందరికీ తెలుసు, ఆమె రెండో యజమాని సంగతే ఎవరికీ తెలియదు.

ఒదావరాలో రైలెక్కారు. బోగీలో సగం మంది కునుకు తీస్తున్నారు. కుజేకి మాత్రం కుదురు లేదు. రెండు రోజులుగా మోకాళ్ళు ఎందుకో తేలిపోతున్నాయి. ఫ్లాస్కు తడిమాడు. కిటికీలోంచి చూశాడు. మళ్ళీ ఫ్లాస్కు తడిమాడు.

"మీటింగులో చీఫ్ కళ్ళు మూసుకుంటే ఆలోచిస్తున్నట్టు, మీరు మూసుకుంటే జబ్బా, కుజే గారూ?" అంది రిత్సుకో.

అతనికి నవ్వు ఆగలేదు. మరుక్షణం ఒళ్ళంతా సడలిపోయి, రెప్పలు వాలి, తల ఆమె భుజం మీద పడింది. చెవులు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి.

ఆమె తోసెయ్యలేదు. రైల్లో కునికే వాడి తలను తోసెయ్యడం ఆమె పెరిగిన పద్ధతి కాదు. ఎదురుగా నిలబడ్డ మాస్కు మనిషితో మెల్లగా చెప్పింది. "మాత్రలు మార్చేశాను, ఇక లేవడు. ఓఫునాలో తలుపులు మూసుకునే ముందు ఫ్లాస్కు తీసుకుని దిగిపో."

కుజేకి ఒళ్ళు మండింది. కానీ కోపం వస్తే ఇంకా కుంగిపోతాడు. కోపం తెచ్చుకోకుండా కోపాన్ని మింగడం చచ్చే చావు. కోపం చల్లారడానికి, చీఫ్ ఏటా ఇచ్చే చప్పటి భద్రతా ఉపన్యాసాన్ని మొదటి నుంచి గుర్తు చేసుకున్నాడు.

ఓఫునా వచ్చింది. ఫ్లాస్కు ఒడిలోంచి లేచింది. రైలు బయలుదేరే ముందు స్టేషన్‌లో వేసే పాట మోగింది. అప్పుడు వేలు కదిలింది, ఆ వెనకే చెయ్యి. వాచీ పట్టీ ఒక కొస మాస్కు మనిషి మణికట్టుకి, రెండోది రిత్సుకోకి బిగుసుకుంది. తలుపులు మూసుకున్నాయి. ఎవరో ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసుకున్నారు.

"నిద్రపోలేదా?" ఆమె సంకెళ్ళు లాగి చూసింది.

"మీరు మార్చింది మెలకువ మాత్ర కాదు, రెండోది," అన్నాడు కుజే, ఫ్లాస్కుని ఒళ్ళోకి తీసుకుంటూ. "యొకొహామా దాకా మాత్రం దయచేసి జోకులు వెయ్యకండి."