నిన్నటి జ్వరం

పడుకున్న రోగిని ఎవరూ అడగరు. జ్వరం ఎప్పట్నుంచి అని పక్కన నిలబడ్డ మగవాణ్ని అడుగుతారు. వాడు చెప్పిందే చీటీ మీదికి ఎక్కుతుంది. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఇన్‌స్పెక్టర్ వాళ్ల అక్క విషయంలోనూ అదే జరిగింది.

సోమవారం ఉదయం నర్సింగ్ హోమ్‌కు వచ్చింది. చెరోపక్క భర్త, తమ్ముడు. జ్వరం, కీళ్ల నొప్పులు, చేతుల మీద ఎర్రటి దద్దుర్లు. ల్యాబ్‌లో వేలెడంత ప్లాస్టిక్ కార్డు మీద రక్తం చుక్క వేశారు. డెంగీ లేదన్నారు. అయితే చికున్‌గున్యా అయి ఉంటుందని డాక్టరు నొప్పులకు ఇంజెక్షన్ ఇచ్చాడు.

సాయంత్రానికి చిగుళ్ల నుంచి నెత్తురు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. తెల్లవారేసరికి ఆమె లేదు.

డెంగీయే అని పెద్దాసుపత్రి తేల్చింది. డెంగీలో ఆ ఇంజెక్షన్ పడితే నెత్తురు ఆగదు.

ఇన్‌స్పెక్టర్ రిటైరై రెండేళ్లయింది. పిలుపు మాత్రం పోలేదు. ఏడాది కిందట అతని భార్య కూడా జ్వరంతోనే పోయింది. అప్పట్నుంచి రోజూ ఒంటిగంటకు అక్క ఇంటి నుంచి క్యారియర్ వచ్చేది. బావ తెచ్చి గేటుకు తగిలించి, గొళ్లెం చప్పుడు చేసి వెళ్లేవాడు.

అక్క పోయాక కూడా ఒంటిగంటకు గొళ్లెం చప్పుడవుతోంది. తలుపు తీస్తే ఎవరూ ఉండరు, గేటుకు క్యారియరూ ఉండదు.

ఆదివారం వచ్చిన క్యారియర్ ఇంకా బల్ల మీదే ఉంది. కూర బాగాలేదని సగం వదిలేశాడు. ఇప్పుడు కడగడానికి చెయ్యి రావడం లేదు.

శుక్రవారం సాయంత్రం ముగ్గుర్నీ ల్యాబ్‌లో కూర్చోబెట్టాడు. డాక్టరు, టెక్నీషియన్, బావ. జేబులో ఫిర్యాదు ఉంది. టెక్నీషియన్ మీద. సంతకం ఒక్కటే తక్కువ. అది పడితే ఆమె స్టేషన్‌కు, అక్కణ్నుంచి జైలుకు.

"సోమవారం రక్తం ఉందా?"

"ఫ్రిజ్‌లో ఉంది సార్. వారం దాకా పారెయ్యం."

"మళ్లీ చెయ్. నా కళ్ల ముందు."

ఆమె కొత్త కార్డు ప్యాకెట్ చించింది. చుక్క వేసింది. పై గీత వచ్చింది. కింది గీత రాలేదు.

"పైది వస్తే కార్డు పనిచేసినట్టు. కిందిది రాకపోతే డెంగీ పురుగు దొరకనట్టు. సోమవారమూ ఇదే వచ్చింది."

"గీత రాకుండా ఏం చేశావ్?"

"గీతలు నేను గీయను సార్. పెన్సిల్ కూడా లేదు, వెతుక్కోండి." ఆమె చూపు దించలేదు.

"ఇంకో రకం కార్డు లేదా?"

"ఉంది. పురుగు మొదటి నాలుగైదు రోజులే రక్తంలో బాగా దొరుకుతుంది. తర్వాత దాంతో పోరాడే సరుకు తయారవుతుంది. దానికి వేరే కార్డు. మీవాళ్లది ఒక్కరోజు జ్వరమన్నారు. అందుకే మొదటిదే వేశాను."

"రెండోది వెయ్."

ఫలితం తేలడానికి పావుగంట. ఫ్రిజ్ మూలుగుతోంది. బావ బొటనవేలి ప్లాస్టర్‌ను గోటితో గీరుకుంటున్నాడు.

కింద గీత లేచింది. ఎర్రగా, దిట్టంగా.

"ఇది నిన్న మొదలైన జ్వరానికి వచ్చే గీతేనా?"

"కాదు సార్. ఎంత లేదన్నా అయిదారు రోజులది."

ఇన్‌స్పెక్టర్ డాక్టరు వైపు తిరిగాడు.

"జ్వరం ఎన్నాళ్లని ఆవిణ్ని అడిగారా?"

"ఆయన చెప్పారుగా, నిన్నట్నుంచని."

"ఆవిణ్ని అడిగారా?"

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"బావా, వేలికేమైంది?"

"తలుపులో నలిగిందిరా."

"కత్తితో తెగింది. అక్క చేతి ముక్కలు సన్నగా, ఒక్క తీరున ఉంటాయి. కిందటి వారం గురువారం నుంచి నాకొచ్చిన కూరలో ముక్కలు ఎలా పడితే అలా ఉన్నాయి. ఉప్పు లేదు. వంట మర్చిపోయావా అని ఫోన్‌లో దాన్ని తిట్టాను. పెద్దదాన్నయ్యాన్రా, రేపు బాగా వండుతాలే అంది. గొంతు బొంగురుగా ఉంది. అదీ పట్టించుకోలేదు. వండింది నువ్వు. అది బుధవారం నుంచే మంచం మీద ఉంది."

బావ నేల చూశాడు.

"ఎందుకు దాచావ్?"

"అదే వద్దంది. వాడి పెళ్లాం జ్వరంతోనే పోయింది, నాకూ జ్వరమంటే వాడు ఇల్లు పీకి పందిరేస్తాడు, క్యారియర్ మాత్రం ఆపకు అంది. తగ్గాక చెప్పి నవ్వుకుందామంది."

"నాకు చెప్పొద్దు. ఇక్కడ చెప్పొచ్చు కదా! డాక్టరుకు!"

"చెబుదామనే నోరు తెరిచాన్రా." బావ మొదటిసారి తలెత్తాడు. "నువ్వు పక్కనే నిలబడ్డావు. నీ మొహం చూశాను. ఆరు రోజులన్న మాట గొంతు దాటలేదు. నిన్నట్నుంచనేశాను. రోజుల తేడాకేముందిలే అన్నట్టు... అయిదు రోజులు మింగేశాను."

ఇన్‌స్పెక్టర్‌కు సోమవారం గుర్తొచ్చింది. బావ 'నిన్నట్నుంచి' అన్నప్పుడు అక్క పెదవులు కదిపింది. తమ్ముడి వైపు చూసి, మళ్లీ మూసుకుంది.

జేబులోంచి ఫిర్యాదు కాగితం తీశాడు. నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు.

"నీ తప్పేం లేదమ్మా," అన్నాడు టెక్నీషియన్‌తో. బావ వైపు చూడలేదు.

మర్నాడు ఒంటిగంటకు గొళ్లెం చప్పుడైంది. అతను లేవలేదు. మళ్లీ చప్పుడైంది.

గేటుకు క్యారియర్ వేలాడుతోంది. వీధిలో ఎవరూ లేరు.

ముక్కలు ఎలా పడితే అలా ఉన్నాయి. ఉప్పు లేదు. గిన్నె అడుగు కనపడేదాకా తిన్నాడు. తర్వాత రెండు క్యారియర్లూ కడిగి గేటుకు తగిలించాడు.

పక్కింటాయన గోడ మీంచి తొంగి చూశాడు.

"ఏమండీ, అక్కగారి కేసు ఎంతదాకా వచ్చింది? దొరికాడా ఆ చేసినవాడు?"

"ఆ మాట నన్ను అడక్కండి."

"అది కాదండీ, ఊరికే..."

"ఇవాళే కాదు. నేను బతికుండగా ఆ మాట మాట్లాడను."

గొళ్లెం పెట్టి లోపలికి వెళ్లాడు.